మేఫ్లవర్ సేవకుని వంశవృక్షం: ఒక సంవాదం

1620లో మేఫ్లవర్ ఓడ మీద ఇంగ్లండు విడిచి, ఉత్తర అమెరికా తూర్పు తీరంలో ప్లిమత్ వలసను నెలకొల్పిన 102 మంది ప్రయాణికులలో జాన్ హౌలాండ్ ఒకడు. ఓడ ఎక్కేనాటికి అతడు జాన్ కార్వర్ అనే ధనికుని కుటుంబంలో సేవకుడు. నడిసముద్రంలో తుపాను వేళ ఓడ మీద నుంచి కెరటాలలో పడిపోయి, నీటిలోకి వేలాడుతున్న తెరచాప తాడును చేజిక్కించుకుని, తోటివారు కొక్కెంతో పైకి లాగగా బతికి బయటపడినవాడు. అదే ఓడలో వచ్చి, మొదటి చలికాలంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఎలిజబెత్ టిల్లీని అతడు పెళ్లాడాడు. వారికి పదిమంది పిల్లలు, ఎనభైకి పైగా మనుమలు, మనుమరాండ్రు కలిగారు. అమెరికా అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, ఇద్దరు జార్జి బుష్‌లు, చలనచిత్ర నటుడు హంఫ్రీ బోగార్ట్ ఆ దంపతుల సంతతివారే.

ఇటువంటి తొలి వలసదారుని వంశాన్ని తరతరాలుగా వెదికి రాయడం చరిత్రకు పనికివచ్చే విద్యా, లేక గొప్పలు చెప్పుకోవడానికి పడే ప్రయాసా అన్నది ఈ సంవాదానికి విషయం. ముందుగా ఆక్షేపణను నిలబెట్టే పూర్వపక్షం ఒక చరిత్ర అధ్యాపకునిది. దానికి సమాధానం చెప్పే ఉత్తరపక్షం ఒక వంశచరిత్ర పరిశోధకురాలిది.

అధ్యాపకుడు: వంశవృక్షం రాయించుకున్నవాడు ఏ కాలంలోనైనా తనకు కావలసిన పూర్వీకుణ్ణే అందులో చూసుకున్నాడమ్మా. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో వంశం చంద్రుని దగ్గర మొదలై పాండవుల మీదుగా రాజరాజ నరేంద్రుని దాకా దిగివస్తుంది. ఆ వరుసను చరిత్రగా ఎవరూ చదవరు, సింహాసనానికి గౌరవం సంపాదించిపెట్టిన ప్రశస్తిగానే చదువుతారు. అమెరికాలో 19వ శతాబ్ది చివర జరిగినదీ అటువంటిదే. ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి లక్షలాది కొత్తవారు రేవులలో దిగుతున్న రోజులలో, 1890లో అమెరికా విప్లవ వీరుల పుత్రికల సంఘం, 1897లో మేఫ్లవర్ సంతతివారి మహాసంఘం పుట్టాయి. ఆ రెంటి నడుమ, 1894లో, వలసలను అరికట్టాలని కోరే సమితి ఒకటి బోస్టన్‌లో వెలసింది. తరువాత వచ్చినవారికన్నా తాము మిన్న అని చెప్పుకోవడానికి ముందు వచ్చినవారి వారసులు పూర్వీకుల పేర్లను వాడుకున్నారు. అటువంటి అవసరం పెంచి పోషించిన విద్యను సత్యాన్వేషణ అని ఎలా అనగలం?

పరిశోధకురాలు: ఒక పనికి ప్రేరణ ఏమిటన్నది వేరు, ఆ పనిలో తేలిన సంగతి నిజమా కాదా అన్నది వేరు మాస్టారూ. మీరు చెప్పిన తామ్రశాసనాల వరుస వంశస్తుతి; అది పైనుంచి కిందికి దిగుతుంది. ప్రసిద్ధుడైన ఒక మూలపురుషుణ్ణి ముందే నిలబెట్టుకుని, అతని నుంచి తన దాకా పేర్లు పేర్చుకుంటూ వస్తుంది. వంశచరిత్ర కిందినుంచి పైకి వెళ్తుంది. బతికి ఉన్న మనిషి దగ్గర మొదలుపెట్టి, ఈ మనిషి తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న ప్రశ్నను ఒక్కొక్క తరంలో అడిగి, జననానికి, వివాహానికి, మరణానికి ఆనాటి పత్రం ఏదో ఒకటి సాక్ష్యం పలికితేనే పై తరానికి ఎక్కుతుంది. సాక్ష్యం దొరకని చోట ఆగిపోతుంది. మీరు పేర్కొన్న మేఫ్లవర్ సంఘం కూడా సభ్యత్వం కోరేవారిని తరానికొక రుజువు అడుగుతుంది కనుక, గొప్ప కోసం వచ్చినవారు సైతం ఆ రుజువు ముందు తలవంచక తప్పదు.

అధ్యాపకుడు: తలవంచినట్టు హౌలాండ్ వంశస్థుల చరిత్రలో కనబడదు. హౌలాండ్ భార్య ప్లిమత్ మొదటి గవర్నరు కార్వర్ కూతురని కొందరు, మనుమరాలని కొందరు తరతరాలుగా చెప్పుకున్నారు. ఆ మాట పుస్తకాలలోకి ఎక్కింది. 19వ శతాబ్ది తొలి సగంలో వంశస్థులు ప్లిమత్ శ్మశానపు గుట్ట మీద నిలిపిన స్మారకశిల మీదికీ ఎక్కింది. సేవకుడు యజమాని ఇంటి ఆడపిల్లను చేపట్టి గవర్నరుకు అల్లుడయ్యాడంటే వినడానికి ఇంపుగా ఉంటుంది కాబట్టి, దానికి ఆధారమేమిటని అడిగినవారు లేకపోయారు. రాతి మీద చెక్కినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. కానీ నిజమని నమ్మేవారి సంఖ్య మాత్రం పెరుగుతుంది.

పరిశోధకురాలు: ఆ కథ అక్కడితో ముగియలేదు, ఎలా ముగిసిందో చూస్తేనే ఈ విద్య స్వభావం తెలుస్తుంది. కార్వర్ తరువాత గవర్నరై ఎన్నో ఏళ్లు ప్లిమత్‌ను నడిపిన విలియం బ్రాడ్‌ఫర్డ్ ఆ వలస చరిత్రను స్వహస్తంతో రాశాడు. ఆ రాతప్రతి బోస్టన్‌లోని ఒక చర్చి గ్రంథాలయంలో ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో అక్కడి నుంచి మాయమైంది. 1855లో అది లండన్ దగ్గర ఫుల్హామ్‌లో, బిషప్ భవనపు గ్రంథాలయంలో ఉన్నట్టు బయటపడింది. మరుసటి ఏడే, 1856లో, మసాచుసెట్స్ చారిత్రక సంఘం దానిని అచ్చువేసింది. ఆ గ్రంథం చివర, 1650 ప్రాంతంలో బ్రాడ్‌ఫర్డ్ మేఫ్లవర్ ప్రయాణికులను కుటుంబాల వారీగా లెక్క రాసి, ఎవరు చనిపోయారో, ఎవరికి ఎంత సంతానం కలిగిందో వరుసగా చెప్పుకొచ్చాడు. అందులో హౌలాండ్ భార్య జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్ అనీ, వారికి పదిమంది పిల్లలనీ, ఆ పదిమందీ బతికే ఉన్నారనీ స్పష్టంగా ఉంది. అది ఆ దంపతులను ముప్పై ఏళ్లుగా ఎరిగిన ఊరి పెద్ద, వారు జీవించి ఉండగానే రాసిన మాట. దాని ముందు గవర్నరు అల్లుడన్న కథ నిలవలేదు. వంశస్థులే ఆ పాత శిలను తొలగించి, టిల్లీ కూతురన్న మాట చెక్కిన కొత్త శిలను నిలిపారు.

అధ్యాపకుడు: అది అదృష్టవశాత్తు జరిగినది. ఫుల్హామ్‌లో ఆ రాతప్రతి ఏ చెదల పాలో అయి ఉంటే, గవర్నరు అల్లుడు ఈనాటికీ అల్లుడుగానే ఉండేవాడు. పైగా బ్రాడ్‌ఫర్డ్ అన్నీ చెప్పలేదు. జాన్ టిల్లీ, అతని భార్య, వారి కూతురు ఎలిజబెత్ అని రాశాడే గాని ఆ భార్య పేరేమిటో రాయలేదు. ఆ ఖాళీ కనబడగానే వంశచరిత్రకారులు దానిని పూరించడానికి ఎగబడ్డారు. మేఫ్లవర్ యాత్రికులలో చాలామంది అంతకు ముందు మత స్వేచ్ఛ కోసం హాలండులోని లైడెన్ నగరంలో తలదాచుకున్నారు కదా అని, ఆ నగరపు వివాహ పత్రాలలో అలాంటి పేరుగల మనిషి ఒకణ్ణి పట్టుకుని, అతడు పెళ్లాడిన బ్రిజెట్ వాన్ డర్ వెల్డే అనే డచ్చి స్త్రీని తెచ్చి ఎలిజబెత్ కుటుంబంలో కూర్చోబెట్టారు. ఒక అబద్ధం పోయిన చోట మరో అబద్ధం మొలిచింది. పత్రం ఉన్నంత మాత్రాన సత్యం ఉన్నట్టు కాదని దీనివల్ల తేలడం లేదా?

పరిశోధకురాలు: తేలుతుంది, అందుకే పత్రం దొరకడం పనికి మొదలే గాని ముగింపు కాదు. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదన్నది వంశచరిత్రలో మొదటి పాఠం. ఎలిజబెత్ తల్లి ఎవరో తేల్చిన పద్ధతిని దగ్గరగా చూడండి. బ్రాడ్‌ఫర్డ్ జాబితాలో జాన్ టిల్లీతో పాటు ఎడ్వర్డ్ టిల్లీ, అతని భార్య ఆన్, వారి వెంట బంధువుల పిల్లలు ఇద్దరు, హెన్రీ శామ్సన్, హ్యుమిలిటీ కూపర్ ఉన్నారు. టిల్లీ పేరు ఒక్కటే పట్టుకుంటే ఇంగ్లండులో ఎన్నో ఊళ్లు ఎదురొస్తాయి. టిల్లీ, శామ్సన్, కూపర్ అన్న మూడు ఇంటిపేర్లూ ఒకదానితో ఒకటి వియ్యమందిన ఊరు ఏదని అడిగితే వెదుకులాట ఇరుకవుతుంది. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో అనే పల్లె చర్చి పుస్తకంలో 1596లో జాన్ టిల్లీ జోన్ అనే వితంతువును పెళ్లాడినట్టు, 1604 జనవరిలో హెన్రీ శామ్సన్‌కు, 1607 ఆగస్టు 30న ఎలిజబెత్ టిల్లీకి జ్ఞానస్నానం జరిగినట్టు, 1614లో ఎడ్వర్డ్ టిల్లీ కూపర్ల ఆడపడుచును పెళ్లాడినట్టు నమోదై ఉంది. ఆ జోన్ పుట్టింటివారు హర్స్ట్‌లు. పరిశోధకుడు రాబర్ట్ లీ వార్డ్ 1976లో ఈ సంగతులను ప్రకటించడంతో డచ్చి స్త్రీ కథ ముగిసింది. ఒక్క పేరు పొరపాటున కలియవచ్చు. ఓడలో ఒకే గుంపుగా వచ్చిన బంధువర్గమంతా ఒకే పల్లె పుస్తకంలో కనబడడం పొరపాటున జరగదు.

అధ్యాపకుడు: ఆ పల్లె పుస్తకాన్ని ఎందుకు నమ్మాలో కూడా చెప్పవలసి ఉంటుంది. గుస్టావ్ ఆన్జూ అనే మనిషి 20వ శతాబ్ది తొలి దశకాలలో అమెరికాలోని ధనిక కుటుంబాలకు కోరినట్టు వంశచరిత్రలు తయారుచేసి అమ్ముకున్నాడు. నిజమైన పత్రాల నడుమ లేని పత్రాలను చొప్పించాడు. లేని వీలునామాలను, లేని జ్ఞానస్నానాలను పుట్టించి, కొనుగోలుదారుకు కావలసిన మూలపురుషుణ్ణి అందించాడు. అతని కల్పనలు ఇప్పటికీ ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకునే వంశవృక్షాలలో తిరుగుతూనే ఉన్నాయి.

పరిశోధకురాలు: ఆన్జూ మోసాన్ని బయటపెట్టినవారూ వంశచరిత్రకారులేనన్నది మరువరాదు. ఆ పని చేయగలిగింది పత్రాన్ని మూడు ప్రశ్నలు అడిగే అలవాటువల్లనే: దీనిని ఎవరు రాశారు, సంగతి జరిగిన ఎంత కాలానికి రాశారు, మూలం ఎక్కడ ఉంది. ఇంగ్లండులో 1538లో, ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోనూ జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదుచేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. 1598 నుంచి ఆ పుస్తకాలను తోలుకాగితాల మీద రాయించి, ఏటేటా నకలు ఒకటి బిషప్‌కు పంపించారు. ఒకే సంగతి రెండు చోట్ల, రెండు చేతులలో ఉన్నందువల్ల దొంగరాత దాగడం కష్టం. తేదీలకు సైతం ఇటువంటి విచారణ కావాలి. ఇంగ్లండులోనూ దాని వలసలలోనూ 1752 దాకా అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల హౌలాండ్ మరణించిన ఫిబ్రవరి 23 ఆనాటి లెక్కలో 1672, ఈనాటి లెక్కలో 1673. ఆ తేదీని 1672/3 అని రెండు అంకెలతో రాయడం తెలియనివారు ఒక్క మనిషిని ఇద్దరిని చేస్తారు, లేదా పెళ్లికి ముందే బిడ్డను పుట్టిస్తారు.

అధ్యాపకుడు: నమోదైనవారి మాట సరే, నమోదు కానివారి సంగతి ఏమిటి? ఆస్తి ఉన్నవాడికి వీలునామా ఉంటుంది, పదవి ఉన్నవాడికి న్యాయస్థానపు చిట్టాలో పేరు ఉంటుంది. పెళ్లయిన స్త్రీకి ఆనాటి ఇంగ్లీషు న్యాయంలో భర్తకు వేరుగా ఆస్తి లేదు. ఆస్తి లేదు గనుక పత్రం లేదు. పత్రం లేదు గనుక పుట్టింటి పేరు లేదు. బ్రాడ్‌ఫర్డ్ అంతటివాడు తన పక్కింటి స్త్రీ పేరు రాయకపోవడం దానికి నిదర్శనం. పోనీ, హౌలాండ్ సంగతే తీసుకున్నా, అతని జ్ఞానస్నానపు నమోదు దొరకనేలేదు. ఎనభై దాటి మరణించాడన్న మాటను బట్టి 1592 ప్రాంతంలో పుట్టాడని కొందరు, 1620లో ఇంకా సేవకుడుగా ఉన్నాడు గనుక 1599 ప్రాంతంలో పుట్టి ఉంటాడని మరికొందరు అంటారు. మూలపురుషుని పుట్టుకే తెలియని వంశవృక్షం ఏ వేళ్ల మీద నిలబడినట్టు?

పరిశోధకురాలు: ఒక సాక్ష్యం లేనప్పుడు మరొక సాక్ష్యం మీద నిలబడుతుంది, ఎంత మేరకు నిలబడుతుందో అంత మేరకే చెబుతుంది. హౌలాండ్ జ్ఞానస్నానం దొరకలేదు గాని, లండన్‌లో వస్త్రవ్యాపారం చేసిన హంఫ్రీ హౌలాండ్ 1646 నాటి వీలునామా దొరికింది. అందులో అతడు ఆర్థర్, జాన్, హెన్రీ అనే తన సోదరులకు, ప్లిమత్ ఉన్న న్యూ ఇంగ్లండు ప్రాంతం నుంచి రావలసిన బాకీ సొమ్ములో వాటాలు రాశాడు. ఆర్థర్, హెన్రీ అనే హౌలాండ్‌లు ఇద్దరు ప్లిమత్‌లోనే ఉన్నారు. ఈ సోదరుల తల్లిదండ్రులు హంటింగ్‌డన్‌షైర్‌లోని ఫెన్‌స్టాంటన్ ఊరి హెన్రీ, మార్గరెట్‌లు. అందువల్ల పుట్టిన తేదీ తెలియకపోయినా పుట్టిన కుటుంబం తెలిసింది. తేదీ చోట ఖాళీని ఖాళీగానే ఉంచడం ఈ విద్యలో నియమం. ఇక స్త్రీల విషయంలో మీ ఆక్షేపణ పూర్తిగా న్యాయమైనదే. అయితే ఆ అన్యాయాన్ని కొంతైనా సరిదిద్దుతున్నది ఇటువంటి అన్వేషణే. బ్రాడ్‌ఫర్డ్ పేరు లేకుండా వదిలేసిన స్త్రీకి 1976లో జోన్ హర్స్ట్ అన్న పేరు తిరిగి వచ్చింది. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాసేవారు ఆమెను వెదికి ఉండేవారు కారు.

అధ్యాపకుడు: పేరు తిరిగి వచ్చిందన్నది ఒప్పుకోవలసిన మాటే. కానీ లెక్క మాట కూడా చూడాలి. ప్రతి మనిషికీ తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అవ్వలు నలుగురు, వారి పైన ఎనిమిదిమంది. ఇలా పన్నెండు తరాలు వెనక్కి వెళితే 4,096 స్థానాలు తేలుతాయి. ఆ 4,096లో ఒక్క స్థానంలో హౌలాండ్ ఉన్నాడని గర్వించేవారు మిగతా 4,095 స్థానాలలో ఎవరున్నారని ఎందుకు అడగరు? రక్తసంబంధం అన్నది కూడా అంత దూరంలో మాటకే మిగులుతుంది. తల్లిదండ్రుల జన్యుపదార్థంలో సగమే బిడ్డకు వస్తుంది గనుక, పన్నెండు తరాల వెనకటి పూర్వీకుని నుంచి సంక్రమించిన భాగం చాలామంది వారసులలో అసలు మిగలనే మిగలదు. అటువంటప్పుడు ఈ సంబంధం దేహంలో ఉన్నదా, కాగితంలో ఉన్నదా?

పరిశోధకురాలు: కాగితంలోనే ఉన్నది, ఈ విద్యకు అది అవమానం కాదు. బంధువులు బంధువులను పెళ్లాడడంవల్ల ఒకే పూర్వీకుడు రెండు మూడు స్థానాలలో కనబడతాడు, కాబట్టి 4,096 స్థానాలలో ఉన్న మనుషులు అంతకన్నా తక్కువే. అయినా మీ లెక్క సారం సరైనదే. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే దిగే వై క్రోమోజోము, తల్లి నుంచి బిడ్డలకు దిగే మైటోకాండ్రియా జన్యువు ఏకధారగా వచ్చిన వంశాలలో సందేహాలు తీర్చగలవే గాని, ఒకరి గొప్పను మరొకరికి మోసుకురాలేవు. హౌలాండ్ వారసుడైనంత మాత్రాన ఎవరూ మెరుగైన మనిషి కారు. అయితే ఒక కుటుంబాన్ని తరం తరం వెంబడించినప్పుడు సామాన్య చరిత్ర గ్రంథంలో కనబడని సంగతులు కనబడతాయి. జాన్ హౌలాండ్ ఊరి పెద్దలలో ఒకడై వలస ప్రభుత్వంలో భాగమైతే, అదే వలస ప్రభుత్వం అతని సోదరులు ఆర్థర్, హెన్రీలను క్వేకర్ మతస్థులతో చేరినందుకు శిక్షించింది. మత స్వేచ్ఛ కోసం సముద్రం దాటినవారు ఇతరుల మత స్వేచ్ఛను ఎంతవరకు సహించారన్న ప్రశ్నకు ఒక్క ఇంటిలోనే ఇంత సూటిగా జవాబు దొరకడం వంశచరిత్రవల్లనే సాధ్యమైంది.

అధ్యాపకుడు: సహనం మాట వచ్చింది గనుక అసలు ఆక్షేపణ చెప్పవలసిన సమయం వచ్చింది. ఈ వంశవృక్షం నాటిన నేల ఎవరిది? ప్లిమత్ కట్టిన చోట అంతకుముందు వాంపనోగ్ ప్రజల పటక్సెట్ అనే గ్రామం ఉండేది. 1616 నుంచి 1619 వరకు యూరోపు నుంచి వచ్చినవారి ద్వారా సోకిన అంటువ్యాధి ఆ గ్రామాన్ని తుడిచిపెట్టింది; దున్ని సాగుచేసిన పొలాలు ఖాళీగా ఉన్నందువల్లనే యాత్రికులు అక్కడ దిగారు. 1621 మార్చిలో కార్వర్‌తో ఒడంబడిక చేసుకున్న వాంపనోగ్ నాయకుడు మసాసోయిట్ జీవించినంత కాలం ఆ మాట మీద నిలబడ్డాడు. అతని కొడుకు మెటాకామ్ కాలానికి భూములు చేజారి, 1675లో యుద్ధం వచ్చింది. మరుసటి ఏడు ఆగస్టులో మెటాకామ్‌ను చంపి, అతని తలను ప్లిమత్‌లో ప్రదర్శించారు. హౌలాండ్ అల్లుడు జాన్ గోరం ఆ యుద్ధంలోనే మరణించాడు. కొడుకు జేబెజ్ ఆ యుద్ధంలో పనిచేసి, తరువాత బ్రిస్టల్ అనే కొత్త ఊరికి కాపురం మార్చాడు. ఆ బ్రిస్టల్ మెటాకామ్ నివసించిన, మెటాకామ్ హతుడైన నేల మీదనే వెలిసింది. వంశవృక్షంలో జేబెజ్ పేరు కింద పెళ్లి తేదీ, పిల్లల పేర్లు ఉంటాయి; ఆ నేల ఎలా వచ్చిందో ఉండదు.

పరిశోధకురాలు: ఈ ఆక్షేపణకు సమాధానం లేదు, ఒప్పుకోలు ఉన్నది. అలా రాసిన వంశచరిత్రలే ఎక్కువ. కానీ ఆ సంగతిని దాచినది రచయితే గాని పత్రం కాదని మాత్రం చెప్పాలి. 1672 మే 29న హౌలాండ్ రాసిన వీలునామాను ఆ దృష్టితో చదవండి. జేబెజ్‌కు రాసిన పొలాలు, గడ్డిబీళ్లు సటకెట్‌లో, పామెట్‌లో ఉన్నాయి. మరో కొడుకు ఐజాక్‌కు రాసిన భూమి నెమాస్కెట్ చెరువుల దగ్గర ఉంది. ఇంగ్లీషు తండ్రి ఇంగ్లీషు కొడుకులకు ఇచ్చిన ఆస్తిలో ఈ ఊళ్ల పేర్లు ఆదివాసుల భాషవి. వంశచరిత్రకారులు వీలునామాలో వారసుల పేర్లు ఏరుకుని భూముల పేర్లను వదిలేశారు. ఆ భూమి క్రయపత్రాలను కూడా వెదికి, ఎవరు అమ్మారు, ఏ ధరకు అమ్మారు, అమ్మడానికి వారికి నిజంగా ఇష్టముందా అని అడిగితే అదే వంశవృక్షం మీరు కోరిన చరిత్ర అవుతుంది. పైగా ఈ విద్య వలసదారుల వారసుల సొత్తు మాత్రమే కాదు. అమెరికా ప్రభుత్వ గుర్తింపు కోరే ఆదివాసీ తెగ తన సభ్యులు చారిత్రక తెగ సంతతివారని నిరూపించుకోవాలి. ఆక్వినా వాంపనోగ్‌లు 1987లో, మాష్పీ వాంపనోగ్‌లు 2007లో ఆ గుర్తింపు సాధించుకోవడంలో వంశావళుల రుజువు ఒక భాగం.

అధ్యాపకుడు: ఆ ఉదాహరణలోనే అన్యాయం దాగి ఉంది. మాష్పీ ప్రజలు తమ భూమి కోసం 1976లో న్యాయస్థానానికి వెళితే, చట్టం అడిగిన కాలాలన్నిటిలోనూ వారు ఒక తెగగా నిలిచి ఉన్నట్టు రుజువు కాలేదని 1978లో జ్యూరీ తేల్చింది. ఎవరి నేల పోయిందో వారే, నేల తీసుకున్నవారి కాగితాలతో, తాము తామేనని నిరూపించుకోవలసి వచ్చింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజల వారసుల కష్టం ఇంకా పెద్దది. 1850, 1860 జనగణనలలో బానిసలకు వయసు, లింగం, రంగు నమోదు చేశారు గాని పేరు రాయలేదు. 1870లో గాని వారందరి పేర్లు జనగణనకు ఎక్కలేదు. హౌలాండ్ వారసుడు పన్నెండు తరాలు నిరాటంకంగా ఎక్కిపోతే, వారు నాలుగైదు తరాలకే గోడకు తగులుకుంటారు. రుజువు అందరికీ సమానమని మీరు అంటారు. రుజువు చేసుకునే వీలు అందరికీ సమానంగా లేదు.

పరిశోధకురాలు: లేదు మాస్టారూ, ఆ తేడాను ప్రతి వంశచరిత్రా తన మొదటి పుటలోనే చెప్పవలసి ఉంది. అయితే పత్రం అసమానమైనదని తెలిసినప్పుడు దానిని పారవేయడం కన్నా, చదవని పత్రాలను చదవడం మేలు. బానిస యజమాని వీలునామాలో పశువుల పక్కన రాసిన పేర్లు, క్రయపత్రాలు, బాప్టిజం పుస్తకాలు, 1865 తరువాత విముక్తుల కోసం ఏర్పడిన కార్యాలయపు దస్త్రాలు వెదికి ఆ గోడను దాటుతున్నవారు ఎందరో ఉన్నారు. జోన్ హర్స్ట్ పేరును తిరిగి తెచ్చిన పద్ధతే, ఒక్క పేరును కాక బంధువర్గాన్నంతటినీ వెంబడించే ఆ పద్ధతే, అక్కడా పనిచేస్తున్నది. గొప్పవారి కోసం పుట్టిన పనిముట్టు అయినా అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నదన్నది ముఖ్యం.

అధ్యాపకుడు: అలాగైతే రెండు షరతుల మీద ఈ విద్యను అంగీకరించవచ్చు. మూలపురుషుడు ఎంతటి ప్రసిద్ధుడైనా, రుజువులేని తరం దగ్గర వంశవృక్షం ఆగిపోవాలి, ఆగిన సంగతి చెప్పాలి. పూర్వీకునికి దక్కిన ఆస్తిని రాసినప్పుడు, అది ఎవరికి దక్కకుండా పోయిందో కూడా రాయాలి.

పరిశోధకురాలు: ఆ రెండూ షరతులు కావు, ఈ విద్యకు ఉండవలసిన ధర్మాలే. మొదటిది 1856 నుంచి హౌలాండ్ వంశచరిత్రలో మెల్లమెల్లగా పాటింపుకు వచ్చింది. రెండవది పాటింపుకు రావలసి ఉంది.

ఈ వాదంలో ఇరుపక్షాలూ నిలిపిన సంగతులను కలిపి చూస్తే నిర్ణయం స్పష్టంగానే ఉంది. జాన్ హౌలాండ్ వంశచరిత్ర విలువ అతని సంతతిలో అధ్యక్షులు పుట్టినందువల్ల రాలేదు; గవర్నరు అల్లుడన్న ఇంపైన అబద్ధాన్ని వదులుకుని, సేవకునికీ అనాథకూ జరిగిన పెళ్లి అన్న నిజాన్ని వంశస్థులే రాతి మీద చెక్కించినందువల్ల వచ్చింది. అదే నిజాయితీ పటక్సెట్ విషయంలో, సటకెట్, నెమాస్కెట్ భూముల విషయంలో కూడా చూపినప్పుడే ఆ చరిత్ర సంపూర్ణమవుతుంది. తమ కుటుంబ చరిత్ర రాయదలచిన పాఠకులు ఏ దేశంవారైనా, ప్రసిద్ధుడైన పూర్వీకుణ్ణి ముందు వెదకకుండా, ఇంట్లో జీవించి ఉన్న పెద్దల మాటను, చేతికందే పత్రాన్ని మొదట నమోదు చేసుకోవాలి. ప్రతి తరంలోనూ తండ్రి పేరుతో పాటు తల్లి పుట్టింటి పేరును రాయాలి. తెలియని చోట తెలియదని రాయాలి. కుటుంబపు నేల అంతకుముందు ఎవరి చేతిలో ఉండేదో కూడా రాయాలి.